మహా టేబుల్ గారికి, తుమ్ముతూ రాసిన విన్నపం

ఎనుమాముల మార్కెట్ యార్డు,
మిర్చి సీజన్.

యాభై మూడు కాలమ్‌ల మహా టేబుల్ గారికి,

అడ్తి (కమీషన్) దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చునే మీ సేవకుడు రాసుకునేది.

రైతు పేరు, ఊరు, మండలం, జిల్లా, బ్యాంకు ఖాతా, రకం, బస్తాలు, తూకం, ధర, ఖరీదుదారు, ఆయన ఫోను, హమాలీ, దడ్వాయి (తూకం వేసేవాడి) కూలి... పప్పూ పాయసం ఒకే గిన్నెలో కలిపినట్టు అన్నీ మీలోనే.

పరకాల రైతు ఒకాయన లాట్ తెచ్చినప్పుడల్లా ఆయన జిల్లా మళ్లీ రాయించుకుంటారు మీరు. 2016 అక్టోబరుకు ముందు వరంగల్ అని రాశాం. తర్వాత వరంగల్ రూరల్. 2021లో పరకాల హనుమకొండ జిల్లాలో కలిసింది. కొన్ని వరుసలు దిద్దాం, కొన్ని మర్చిపోయాం. ఆ మనిషి ఇల్లు కదల్లేదు. మీ దగ్గర మాత్రం మూడు జిల్లాల్లో కాపురం ఉంటున్నాడు. ఊరు తెలిస్తే మండలం తెలుస్తుంది, మండలం తెలిస్తే జిల్లా. (ఊరంటే కోడ్ లెండి, ఒకే పేరున్న ఊళ్లు ఎన్ని లేవు!) మధ్యలో మిర్చి లాట్‌కేం పని? ఇలా ఒకదాని మీదుగా ఇంకోటి తెలియడాన్నే ట్రాన్సిటివ్ డిపెండెన్సీ అంటారు. థర్డ్ నార్మల్ ఫామ్ అనే టేబుళ్ల నియమంతో, రిలేషనల్ డేటాబేస్‌కు ఆద్యుడైన కాడ్ దాన్ని 1970ల మొదట్లోనే వద్దన్నాడు. ఆ మాట మన దుకాణం దాకా రావడానికి యాభై ఏళ్లు పట్టింది.

కొత్త ఖరీదుదారు పేరు రాసుకోమంటే, ముందు ఓ లాట్ కొనమంటారు మీరు. తప్పుగా పడిందని ఒక వరుస తీసేస్తే ఆ రైతు బ్యాంకు ఖాతా కూడా గంగలో కలిసింది. ఆ ఏడాది ఆయన తెచ్చింది ఆ ఒక్క లాటే మరి.

అందుకే మిమ్మల్ని విడగొడదామని కూర్చున్నా. ఏది తెలిస్తే ఏది ఒక్కటే తేలుతుందో (అదే డిపెండెన్సీ) కాగితం మీద బాణాలు గీశా. తక్‌పట్టీ (అమ్మకం రసీదు) నంబర్ తెలిస్తే రైతు, తేదీ తేలుతాయి. దానికి లాట్ నంబర్ కూడా కలిస్తేనే బస్తాలు, తూకం, ధర. ఫోన్ నంబర్ తెలిస్తే రైతు తెలిసినట్టే అనుకున్నా. మీ వరుసలన్నీ వెతికా, ఎక్కడా తప్పలేదు. మర్నాడే అన్నదమ్ములిద్దరు వచ్చి ఒకే నంబర్ చెప్పారు! మీ వరుసలు చూసి డిపెండెన్సీ లేదని చెప్పగలం గానీ ఉందని చెప్పలేం. అది యార్డులో మనుషుల్ని అడగాల్సిందే.

ఇంతలో సేటు ఒక సలహా పడేశాడు. "తేజకో ధర, చపాటాకో ధర రకాల టేబుల్ల పెట్టరాదు?" పొద్దున్నే చూశా, పక్కపక్కనే ఉన్న రెండు తేజ లాట్లు. ఒకదాంట్లో తేమ ఎక్కువని ధర తగ్గించారు. రకం తెలిసినంత మాత్రాన ధర తెలీదు సేటూ, అది లాట్ పక్కనే ఉండాలి అన్నా. వినలేదు. నేనూ మార్చలేదు.

మొత్తానికి రైతులు, ఊళ్లు, మండలాలు, ఖరీదుదారులు, తక్‌పట్టీలు, లాట్లు అని ఆరు ముక్కలు చేశా. పరకాల జిల్లా ఇప్పుడు ఒక్కచోటే ఉంది. సేటు తెర చూసి గుడ్లురిమాడు.

"గిన్ని ముక్కలేంది? నాకు అన్నీ ఒక్క కాడ కనవడాలె!"

టెన్షన్ ఎందుకని ఆరింటినీ జాయిన్ చేసి ఓ వ్యూ రాశా, అంటే చూసినప్పుడల్లా ఆ ముక్కల్ని అప్పటికప్పుడు కలిపి చూపే తెర. అచ్చం మీరే, అవే యాభై మూడు కాలమ్‌లు. "గిదే గదా పాతది, మంచిగుండె" అని మురిసిపోయాడు.

అందులో ఒక్క అక్షరం కూడా నిల్వ లేదని ఆయనకు చెప్పలేదు. మీరూ చెప్పకండి.

ఇట్లు,
మీ ఆపరేటర్