సైజు తగ్గించడానికి వేలిముద్రని ఊరు దాటించాలా?

బ్యాంకు పరీక్షలకు అప్లై చేసే పిల్లలున్న ఇళ్లలో ఈ తంతు అందరికీ తెలిసిందే. ఐబీపీఎస్ నోటిఫికేషన్ తీస్తే ఫొటో 20 నుంచి 50 కేబీ, సంతకం 10 నుంచి 20, ఎడమ బొటనవేలి ముద్ర 20 నుంచి 50, చేత్తో రాసిన డిక్లరేషన్ 50 నుంచి 100. ఫోన్‌లో తీసిన ఫొటో చూస్తే నాలుగు ఎంబీ. ఆఖరి తేదీ రేపే. ఇంకేముంది, గూగుల్‌లో కొట్టడం, ముందు ఏ సైట్ వస్తే అందులో పడేయడం.

ఆ సైట్ ఎవరిది? సర్వర్ ఎక్కడుంది? 'గంటలో డిలీట్ చేసేస్తాం' అని అడుగున చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. చేశారో లేదో వెళ్లి చూసొచ్చేదెవరు? ఆ నాలుగు ఫైళ్లనీ ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడండి. ముఖం, సంతకం, వేలిముద్ర, చేతిరాత. మన పేరు మీద దొంగపని చేయదలచినవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

మరీ ఎక్కువ చేస్తున్నానంటారా? 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారిని పోలీసులు పట్టుకున్నారు. భూముల రిజిస్ట్రేషన్ పత్రాలు నెట్‌లోంచి దించుకుని, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు స్టాంపులు చేసి, సిమ్‌లు యాక్టివేట్ చేశాడన్నది కేసు. అంటే వేలిముద్ర బొమ్మ దొరికితే చాలన్నమాట. 2025 మార్చిలో అమెరికాలో ఎఫ్‌బీఐ డెన్వర్ ఆఫీసు కూడా ఉచిత ఫైల్ కన్వర్టర్ సైట్లతో జాగ్రత్త అని హెచ్చరించింది.

నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, అసలు ఈ పనికి ఫైలు మన ఫోన్ దాటి వెళ్లక్కర్లేదు. ఫొటోల్ని కుదించి దాచే జేపెగ్ పద్ధతి 1992 నాటి ప్రమాణం. ఇప్పటి ఫోన్‌కి అదొక లెక్కా? బ్రౌజరే ఫొటోని తెరిచి, చిన్నదిగా మళ్లీ గీసి, కొత్త ఫైలుగా మన చేతికిస్తుంది. ఇంట్లో కత్తెర పెట్టుకుని, కాగితం అంచు కత్తిరించడానికి పొరుగూరికి పంపినట్టుంది మన వరస. గూగుల్ క్రోమ్ బృందం 2018లో తెచ్చిన స్క్వూష్ అనే ఫొటోలు కుదించే సైట్ ఇలాంటిదే. దాని కోడ్ అందరికీ బహిరంగం, కుదించే పనంతా మన మెషిన్‌లోనే జరుగుతుంది. ఇలా మళ్లీ గీసినప్పుడు ఫొటోలో దాగి ఉండే లొకేషన్ వివరాలు కూడా మామూలుగా రాలిపోతాయి.

'మీ ఫైళ్లు ఎక్కడికీ వెళ్లవు' అని ఏ సైట్ అయినా రాసుకోవచ్చు. నమ్మకండి, పరీక్ష పెట్టండి. పేజీ తెరిచాక ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, వైఫై కూడా ఆగిందో లేదో చూసుకోండి. అప్పుడు ఫొటో ఎంచుకోండి. సైజు తగ్గి చేతికొస్తే పని మీ ఫోన్‌లోనే జరిగినట్టు. నెట్ ఆన్ చేసే ముందు ఆ ట్యాబ్ మూసేయండి. గుండ్రంగా తిరుగుతూ కూర్చుందంటే అది మీ ఫైలు బయటికి పంపే రకం కావచ్చు, వదిలేయండి.

ఇంకో మాట. చాలామంది క్వాలిటీ ఒక్కటే తగ్గించుకుంటూ పోయి ముఖాన్ని మచ్చలమయం చేసుకుంటారు. ముందు కొలతలు తగ్గించండి. ఐబీపీఎస్ ఫొటోకి చెప్పేది 200 బై 230 పిక్సెళ్లు, అంటే 46 వేల చుక్కలు. ఫోన్ ఫొటోలో కోటీ ఇరవై లక్షలు ఉంటాయి. కొలతలు సరిచేస్తే సైజు దానంతటదే దిగుతుంది. ఒక్కోసారి 20 కేబీ కంటే కిందికి పోయి 'మరీ చిన్నది' అని తిప్పి కొడతారు, అదో టెన్షన్. అప్పుడు క్వాలిటీ కాస్త పెంచితే సరి.

నెట్ సెంటర్‌కి వెళ్లినా అక్కడి అబ్బాయి తెరిచేదీ ఆ సైటే. పైగా ఆ కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లో చూడండి, సైన్1, సైన్2, ఫైనల్ సైన్ అంటూ ఊళ్లోవాళ్లందరి సంతకాలూ బారులు తీరి ఉంటాయి. అతన్ని ఏమంటాం, పొద్దున్నించీ క్యూ.

అనాల్సింది ఈ పోర్టళ్లు కట్టేవాళ్లని. ఫోన్ నంబరులో ఒక అంకె తగ్గితే అక్కడికక్కడే ఎర్రగా చూపించే పేజీకి, ఫొటోని అక్కడికక్కడే కుదించడం చేతకాదా? కొన్ని వరుసల కోడ్ అది. అప్లికేషన్ ఫీజు వందల్లో తీసుకుంటున్నారుగా, అందులోంచే రాయించండి!