నటించి చూపిస్తే నేర్పినట్టేనా?

ఒడిశాలోని బరంపురంలో తెలుగు పిల్లలకి మూడు నెలల నాటక శిక్షణ పెట్టాలనుకున్నారు. ప్రతి ఆదివారం 2 గంటలు, 12 మంది పిల్లలు, చివర్లో గంటసేపు నాటిక. పాఠం ఎవరు చెప్పాలి, ఎలా చెప్పాలి అన్న దగ్గర మాట తెగలేదు. ఒకరు 40 ఏళ్లుగా పద్యనాటకాల్లో వేషాలు కట్టి, నాటికలు ఆడించిన పెద్దాయన. రెండోవారు రంగస్థల కళల్లో పట్టా తీసుకున్న దర్శకురాలు, ఆయనకి వరసకి కూతురు. నా మొగ్గు ఆమె వైపే. అయినా ఆయన మాటల్లో కొట్టిపారెయ్యడానికి వీల్లేనివి ఉన్నాయి. వాటి బరువు తగ్గించి రాయలేదు.

పెద్దాయన: నటన చెబితే రాదమ్మా, చూస్తే వస్తుంది. రెండేళ్లకోసారి మన ఠాకురాణీ యాత్రలో వీధి వీధికీ పిల్లలు పులివేషాలు కట్టి ఆడతారు. వాళ్లకి ఎవరు క్లాసు పెట్టారు? పెద్దవాడు ఆడాడు, చిన్నవాడు చూశాడు. నేను నిలబడి చేసి చూపిస్తాను, వాళ్లు చూసి చేస్తారు. దీనికి ప్రణాళికలూ గిణాళికలూ ఏటి?

దర్శకురాలు: మీరు చేసి చూపిస్తే వాళ్లకి వచ్చేది నటన కాదు బాబాయ్, మీరు. అరవై దాటిన మగవాడి గొంతు పదహారేళ్ల పిల్ల తెచ్చుకోవాలంటే మెడ నరాలు బిగించి అరవాలి. మొదటిరోజు ఎలాగో గడుస్తుంది. రెండోరోజుకి బొంగురు, మూడోరోజుకి గాలి తప్ప మాట రాదు.

పెద్దాయన: గొంతు సాధన చేస్తే నిలుస్తుంది.

దర్శకురాలు: తన గొంతు సాధన చేస్తే నిలుస్తుంది. ఒక్క గొంతే కాదు. మీరు చూపించిన మాట మీ విరుపుతో సహా పట్టుకున్న కుర్రాడు ఎదటివాడు ఏం అంటున్నాడో వినడు. ఎదటివాడు ఒక వాక్యం మింగేశాడనుకోండి, వీడు జవాబు మాత్రం ఠకీమని చెప్పేస్తాడు. ప్రశ్న రాని జవాబు! పక్కనుంచి ప్రాంప్టరు ఎంత అందించినా ఆ అతుకు హాలంతటికీ కనబడుతుంది. వినడం నేర్చిన పిల్లాడైతే తనే ఆ ప్రశ్న లాగి జవాబు చెప్పి నాటిక నడిపించేస్తాడు. ఒక వాక్యం చాలు దీనికి: 'తలుపు వెయ్యి'. భయంతో ఒకసారి, అలిగి ఒకసారి, అవతలివాణ్ణి బయటికి పొమ్మనలేక ఒకసారి అనమనాలి. ఎలా అనాలో మనం అని చూపించకూడదు. ఎందుకు అంటున్నాడో చెప్పి వదిలెయ్యాలి. మొదటి అరగంట అందరూ ఒకేలా అంటారు, విసుగేస్తుంది. అక్కడ ఆగలేక మనం లేచి చూపించామా, ఆ రోజు పాఠం పోయినట్టే.

పెద్దాయన: ఆ ఓపిక నాకు లేదనేగా నీ మాట.

దర్శకురాలు: ఓపిక కాదు బాబాయ్, పని వేరు. నటుడు, దర్శకుడు, గురువు. ఈ మూడూ ఒకే నిచ్చెన అనుకుంటాం మనవాళ్లం. ముందు వేషాలు వేస్తాడు, పేరొచ్చాక ఆడిస్తాడు, మోకాళ్లు పట్టేశాక నేర్పుతాడు. నటుడు పాత్ర లోపల్నుంచి చూడాలి. దర్శకుడు హాల్లో కూర్చుని చూడాలి. గురువు చూడాల్సింది నాటకాన్నే కాదు, ఎదట నిలబడ్డ పిల్లాణ్ణి. తను ఆడించే నాటికలో తనే పెద్ద వేషం వేసుకుంటే ఏమవుతుందో మనకి తెలీదా? ఆయన మాట్లాడుతున్నంతసేపూ మిగతా నలుగురూ కొయ్యల్లా నిలబడతారు. వాళ్లు ఆయన వీపు వెనక ఉంటారు గనక ఆయనకి కనబడదు. తనకి తెలీకుండానే మధ్యకి, ముందుకి, మైకు దగ్గరికి జరిగిపోతాడు. తప్పనిసరైతే కనీసం 10 రిహార్సళ్లలో తన చోట ఇంకొకణ్ణి నిలబెట్టి, తను ఆఖరి వరసలో కూర్చోవాలి. ఎవరు కూర్చుంటున్నారు?

ఆఖరి వరసలో కూర్చుంటే ఇంకొకటి తెలుస్తుంది బాబాయ్. మన భాషలో క్రియ వాక్యం చివర వస్తుంది. 'వస్తాను', 'రాను', 'చెప్పాడు', 'చెప్పలేదు'. ఔనో కాదో తేలేది ఆ చివరి రెండు అక్షరాల్లోనే. సగంమంది నటులు సరిగ్గా అక్కడే ఊపిరి అయిపోయి గొంతు దించేస్తారు. 'నేను ఆ ఇంటికి మళ్లీ...' దాకా వినిపిస్తుంది. వెళ్తాడో వెళ్లడో చివరి వరసకి తెలీదు. మైకు పెంచితే పోయే జబ్బు కాదిది. వేదిక అంచున మూడు మైకులు పెడితే నటులు వాటికేసి వంగుతారు, పక్కకి తిరిగి అన్న మాట గాల్లో కలిసిపోతుంది. ఊపిరి పొట్టదాకా తీసుకుని, వాక్యం సగంలో ఖర్చు చెయ్యకుండా, క్రియకి కొంత మిగుల్చుకోవడం నేర్పాలి. రోజూ 15 నిమిషాలు. చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద చెయ్యి పెట్టించి మొదలుపెట్టాలి. దీన్ని నటించి ఎలా చూపిస్తారు?

పెద్దాయన: బాగుంది. మరి పద్యం సంగతి చెప్పు. ఉత్పలమాలకి పాదానికి 20 అక్షరాలు, 10వ అక్షరం యతి. చంపకమాలకి 21, 11వది యతి. నల్లబల్ల మీద రాస్తే పద్యం వస్తుందా? హార్మోనియం ముందు కూర్చోబెట్టి, వాడి గొంతుకి తగ్గ శ్రుతి చూసి, ఒక పాదం నేనంటే వాడు అనాలి. తప్పితే మళ్లీ అనాలి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు, గురువు ఛాతీ చూసి పట్టుకోవాలి. దీర్ఘం దగ్గర నిలబడి, హ్రస్వం దగ్గర వదిలెయ్యాలి. రాగం పాదం చివర తియ్యాలి గాని సమాసం నడుమ తీస్తే మాట రెండు ముక్కలవుతుంది. అంటే అనాలి, ఇంకో దారి లేదు. గంజాం పల్లెల్లో ప్రహ్లాద నాటకం చూడు. జలంతర రాజుల కాలం నాటిది, ఇప్పటికీ రాత్రంతా ఆడుతున్నారు. గాహకుడు పాడతాడు, మెట్ల వేదిక మీద హిరణ్యకశిపుడు ఎక్కుతూ దిగుతూ ఊగిపోతాడు, జనం తెల్లారేదాకా లేవరు. వాళ్లలో చాప మీద పడుకుని పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నవాడు ఎవడు?

దర్శకురాలు: పద్యం మాట ఒప్పుకుంటున్నాను. శ్రుతి అనుకరిస్తేనే పడుతుంది. ప్రహ్లాద నాటకమూ అంతే. దానికి తాళముంది, అడుగుంది, కట్టుబాటుంది. గురువుని చూసి చేసినా ఆ తాళం పిల్లాణ్ణి నిలబెడుతుంది. వచన నాటికకి ఆ తాళం లేదు. అక్కడ అనుకరణ మిగిల్చేది గురువుగారి చెయ్యి విసురు, కనుబొమల ఎగురవేత. మరి పద్యంలోనైనా, అంత పేరున్న నటుడు బళ్లారి రాఘవ ఎవర్ని చూసి నేర్చుకున్నాడంటారు? చుట్టూ అందరూ రాగాలు తీసి 'వన్స్‌మోర్'లు కొట్టించుకుంటున్న రోజుల్లో ఆయన భావం కోసం పద్యం చదివాడు. చూసి చేసే మనిషైతే ఆయనా రాగమే తీసేవాడు.

పెద్దాయన: రాఘవ ప్లీడరమ్మా. కోర్టు అన్నం పెట్టింది, నాటకం పేరు పెట్టింది. అది మర్చిపోకు. ఈ శిక్షణలన్నీ అయ్యాక పిల్లల్ని ఎక్కడికి పంపుతావు? ఢిల్లీలో 1959లో జాతీయ నాటక పాఠశాల పెట్టారు, మూడేళ్ల చదువు. మంచిదే. అలాంటి చోట చదివినవాడు బరంపురం తిరిగొచ్చి ఏం తింటాడు? నీ దగ్గర బాగా నేర్చినవాడు హైదరాబాదు సీరియళ్లకి పోతాడు. నన్ను చూసి చేసినవాడు బ్యాంకులో ఉద్యోగం చేసుకుంటూ ఇక్కడే ఉండి, ఏడాదికి ఒక్క హరిశ్చంద్ర అయినా కడతాడు. హాలు అద్దె, మైకు, మేకప్పు, హార్మోనిస్టు రానుపోను ఖర్చు, అంతా తలా కొంత వేసుకుంటారు. ఊళ్లో నాటకం ఉన్నదంటే వాళ్ల వల్లే.

దర్శకురాలు: దానికి నా దగ్గర జవాబు లేదు బాబాయ్. వెళ్లిపోయేవాళ్లు వెళ్లిపోతున్నారు. కానీ ఉండిపోయినవాడికి కూడా సరిగా నేర్పాలి కదా! చూడండి, నటుడు, దర్శకుడు, గురువు మూడూ అయిన మనిషి మాస్కోలో స్టానిస్లావ్‌స్కీ. 1898లో నాటకం ఆడించేటప్పుడు ఎవరు ఎప్పుడు లేవాలి, ఎక్కడ ఆగాలి, ఎంతసేపు ఊరుకోవాలి, అంతా తనే ముందు రాసుకుని వచ్చి నటుల చేత చేయించాడు. అంటే మీ పద్ధతే. కొన్నేళ్లకి తన వేషాలే తనకి యంత్రంలా అనిపించాయి. చివరి రోజుల్లో నటులకి పరిస్థితి మాత్రం చెప్పి, సొంత మాటలతో సన్నివేశం వెతుక్కోమనేవాడు. నాటకకర్త మాటలు ఆ తరవాతే.

పెద్దాయన: ఆయన ఇంటివాళ్లది బంగారు జరీ ఫ్యాక్టరీ. ఎన్నేళ్లయినా వెతుక్కోవచ్చు. ఇక్కడ మీ పిల్లలు జరీ నేసేవాళ్లు, ఫ్యాక్టరీవాళ్లు కాదు. లెక్క చెబుతాను, విను. గంట నాటికకి 40 రోజులు, రోజుకి 2 గంటలు, 80 గంటలు పడుతుంది. వారం రోజులు కూర్చుని వాచకం, తరవాత నడకలు, 15వ రోజుకి చేతిలో నాటకం ప్రతి ఉండకూడదు, ఆఖరి వారం సామానుతో, చివరి మూడు రోజులు లైట్లతో. నీకున్నవి 13 ఆదివారాలు. 26 గంటలు. అందులో ఊపిరి 15 నిమిషాలు, 'తలుపు వెయ్యి' అరగంట. నాటిక ఎప్పుడు తయారవుతుంది?

దర్శకురాలు: అవదు.

పెద్దాయన: మరి?

దర్శకురాలు: గంట నాటిక అని అచ్చువెయ్యడం నా తప్పే. 10 నిమిషాల సన్నివేశాలు మూడు చేద్దాం. నలుగురికి ఒకటి. లైట్లు వద్దు, సెట్టు వద్దు, రెండు కుర్చీలు. సామాను లేకుండా పని చెయ్యడం ముందు నేర్పుతాను. అప్పడాలు వత్తమంటాను, పీట లేకుండా. ఈ ఊరి పిల్లలు రోజూ చూసే పనే. రెండు నిమిషాలయ్యేసరికి పీట ఎత్తు మారిపోతుంది, అప్పడం పెరగదు, కర్ర లావు తగ్గిపోతుంది. ఎదటివాళ్లే పట్టుకుంటారు ఆ తప్పు. తప్పు చూడగలిగినవాడు తన తప్పు దిద్దుకుంటాడు.

పెద్దాయన: అప్పడాలు తరవాత వత్తుకోవచ్చు. ప్రతి ఏ లిపిలో ఇస్తున్నావు?

దర్శకురాలు: 12 మందిలో తెలుగు చదవగలిగినవాళ్లు ముగ్గురు. మిగతావాళ్లకి ఒడియా అక్షరాల్లో రాసిస్తాను.

పెద్దాయన: అదే వద్దంటున్నాను. 1936లో మన గంజాం జిల్లా మద్రాసు నుంచి ఒడిశాలోకి మారింది, బడి మారింది, సరే. నాటకం ప్రతి కూడా మార్చేస్తావా? ఒడియాలో ఎ, ఏలకి ఒకటే అక్షరం. ఒ, ఓలకీ ఒకటే. 'మెడ' రాసినా 'మేడ' రాసినా ఒక్కలాగే ఉంటుంది. 'మేడ మీంచి దూకుతాను' అనాల్సినవాడు 'మెడ మీంచి' అంటాడు. 'కల' అని రాస్తే 'కొలొ' అని చదువుతాడు. శ, ష, స మూడూ స అయిపోతాయి. పద్యంలో అయితే గురువు లఘువైపోయి గణమే కూలిపోతుంది. ముందు ఓనమాలు నేర్పు, తరవాత నాటకం.

దర్శకురాలు: ఓనమాలు వచ్చేదాకా ఆగితే ఆ పిల్లలు కాలేజీకి వెళ్లిపోతారు బాబాయ్. వాళ్లకి మాట వచ్చు, లిపే రాదు. ఇంట్లో అమ్మతో 'మేడ', 'మెడ' సరిగ్గానే అంటున్నారు. కాగితం చూస్తేనే తడబడతారు. పైగా పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి జీవితమంతా వాదించింది దేనికోసం? జనం నోట్లో ఉన్నదే భాష అని కదా!

పెద్దాయన: గిడుగువారు జనం మాట రాయమన్నారు. తప్పు పలకమనలేదు.

దర్శకురాలు: మన గంజాం యాస తప్పు కాదు. విజయనగరంలో 1892లో ఆడిన కన్యాశుల్కంలో ఎవరి మాట వాళ్లదే. అందరి చేతా ఒకే పుస్తకపు భాష మాట్లాడిస్తే ఆ నాటకం నిలుస్తుందా? పిల్లల యాస నేను దిద్దను.

పెద్దాయన: యాస దిద్దమనలేదు. హ్రస్వం దీర్ఘం దిద్దమన్నాను. రెండూ కలిపెయ్యకు.

దర్శకురాలు: సరే, అది నిజమే. ఒడియా అక్షరం మీద దీర్ఘానికి ఎర్ర గీత పెడదాం. 'మేడ'కి గీత, 'మెడ'కి లేదు. ఓకారానికీ అంతే.

పెద్దాయన: శషలకి?

దర్శకురాలు: వాటికి కింద చుక్క పెడదాం. ఒడియా అక్షరాలు వేరే ఉన్నాయి గాని పలకడం దగ్గర అన్నీ స అంటారు కదా. గీతలు, చుక్కలు ఎక్కడ పడాలో మీరు చూసి పెట్టండి. మూడు సన్నివేశాలకి కలిపి 30 పేజీలు.

పెద్దాయన: పెడతాను. అయితే ఆఖరి అరగంట పద్యానిది, అది నాది. నువ్వూ పిల్లలతో పాటు హార్మోనియం ముందు కూర్చోవాలి. నీకు శ్రుతి నిలవదు, నాకు తెలుసు.

దర్శకురాలు: కూర్చుంటాను. మీరన్నట్టే అంటాను. కాకపోతే మొదటి పాదం అనేముందు పద్యానికి అర్థం చెప్పండి.

పెద్దాయన: శ్రుతి పడ్డాకే అర్థం.

దర్శకురాలు: అర్థం తెలియకుండా నోరు విప్పను బాబాయ్.

పెద్దాయన: అయితే మొదటి ఆదివారం పిల్లలకి. నీకు రెండో ఆదివారం.