కొత్త డైమండ్ వీల్‌ని తిట్టేముందు కాస్త మచ్చిక చేసుకోండి

రాళ్లు అరగదీసి మెరుగుపెట్టే మెషీన్‌కి కొత్త డైమండ్ వీల్స్ (వజ్రపు రవ్వలు పట్టించిన చక్రాలు) బిగించిన రోజే దాచుకున్న మంచి రాయి తీసి పెడతారు. అది గీతలమయం కాగానే "వీల్ నాసిరకం" అని ఫొటోలతో సహా పోస్టు. మద్దెల ఓడు కాదండీ, ఇంకా శ్రుతి చేయలేదంతే.

80, 220 గ్రిట్ స్టీల్ వీల్స్ సంగతి చూడండి (గ్రిట్ అంటే రవ్వ సైజు, అంకె పెరిగేకొద్దీ సన్నం). వాటి మీద వజ్రపు రవ్వలు నికెల్ పూతలో ఒకే పొరగా ఇరుక్కుని ఉంటాయి, అన్నీ ఒకే ఎత్తున ఉండవు. పైకి పొడుచుకొచ్చిన ఆ కొన్నే లోతు గీతలు పెడతాయి. కొత్త 220 మీద 80 పెట్టినట్టు గీత పడేది అందుకే. అగేట్, జాస్పర్ లాంటి గట్టి రాళ్ల పనికిరాని ముక్కలు నాలుగైదు తీసుకుని, నీళ్లు బాగా పారనిస్తూ, తేలిక చేత్తో ఈ అంచు నుంచి ఆ అంచుకి జరుపుతూ అరగదీయండి. పొడుగు రవ్వల మొనలు విరుగుతాయి, సరిగా అతుక్కోనివి రాలిపోతాయి. తొందరపడి గట్టిగా నొక్కినా, రాయి పదును మూలతో పొడిచినా మంచి రవ్వలూ ఊడతాయి. ఉన్నది ఒక్క పొరే, కింద ఇంకోటి లేదు. డ్రెస్సింగ్ స్టిక్ (వీల్ ముఖాన్ని గీకి కొత్త రవ్వలు బయటపెట్టే కడ్డీ) జోలికీ వెళ్లకండి. అది లోహం లోపలంతా వజ్రం కలిసి ఉండే సింటర్డ్ వీల్స్ కోసం. పూత వీల్‌కి రుద్దితే ఆయుష్షు తగ్గడమే.

అసలు తలనొప్పి మెత్తని రెజిన్ వీల్స్‌తో (వజ్రపు రవ్వల్ని ప్లాస్టిక్ లాంటి జిగురులో కలిపి చేసినవి), అందులోనూ 280తో. కొత్తలో రవ్వల మీద రెజిన్ కప్పేసి ఉంటుంది, ఉపరితలం ఎగుడుదిగుడు, రెండు అంచులూ కాస్త లేచి ఉంటాయి. 220 దాకా అరగదీసి మూలలన్నీ గుండ్రం చేసిన వెడల్పాటి అగేట్ ముక్క కావాలి. మూల పదునుగా ఉంటే రెజిన్ చిరుగుతుంది, ఆ గాటు ఇక మానదు. ఆ ముక్కని 280 మీద పది పదిహేను నిమిషాలు, ఒక్కచోట ఆపకుండా తిప్పండి. చివర్లో ముక్కని ఏటవాలుగా పట్టి రెండు అంచుల పదును చంపండి. చాలామంది ఇదే వదిలేస్తారు, తర్వాత క్యాబ్ (ఉబ్బెత్తుగా, నున్నగా మలిచిన రాయి) మీద పొడుగు గీత ఎక్కడిదా అని తల పట్టుకుంటారు. చేతికి తగిలే అదురు మెల్లగా తగ్గాలి. తగ్గకుండా చుట్టుకొకసారి టక్‌మంటుంటే బుష్ (వీల్ నడిమి రంధ్రంలో ఇమిడే గొట్టం) చూడండి, వీల్ విప్పి మళ్లీ బిగించండి.

600కి పది నిమిషాలు, 1200కి అయిదు, ఆపై వాటికి రెండు మూడు చాలు. మలకైట్, ఫిరోజా లాంటి మెత్తని రాళ్లతో ఈ పని కాదు, మోస్ కొలతలో (1 నుంచి 10 దాకా ఉండే రాళ్ల గట్టిదనపు కొలత) 6.5–7 కాఠిన్యం ఉండాల్సిందే. రాయికి వీల్ రంగు అంటుకుంటోందంటే నీళ్లు చాలట్లేదు, లేదా మీరు నొక్కుతున్నారు. పొడిగా నడిపితే రెజిన్ మాడటం ఒక ఎత్తు, సిలికా ధూళి ఊపిరితిత్తుల్లోకి పోవడం ఇంకో ఎత్తు.

వీల్ దారికొచ్చిందో లేదో తడి రాయి మీద తెలీదు, నీళ్లు గీతల్ని దాచేస్తాయి. తుడిచి ఆరబెట్టి, పక్క నుంచి పడే వెలుతురులో 10 రెట్ల లూప్‌తో (చిన్న భూతద్దంతో) చూడండి. గీతలన్నీ ఒకేలా సన్నగా ఉంటే సరే. వాటి మధ్య ఒకటో రెండో లోతుగా కనిపిస్తే వెంటనే వీల్‌ని అనకండి. చేతులు, రాయి, ట్రే కడిగి మళ్లీ పెట్టి చూడండి. గీతలు ఆగిపోతే అది ముందు వీల్ నుంచి వచ్చిన ముతక రవ్వ పని. ఒకే నీళ్లు తిప్పి తిప్పి వాడేవాళ్లకి ఈ రోగం తప్పదు.

అన్నట్టు, అరిగిన పాత 280ని పారేయకండి. అది ఇంచుమించు 600కి దగ్గరగా కోస్తుంది. కొత్త 280 ఇంకా మొరటుగా ఉన్నన్నాళ్లూ, దాని తర్వాత ఈ పాతదాని మీద ఒక్కసారి తిప్పితే 600 మీద సగం శ్రమ తగ్గుతుంది.