కొల్లేరు ఒడ్డు కూడా కొల్లేరే

కొల్లేరు పేరెత్తితే మళ్లీ అదే గొడవ: ఐదో కాంటూరా, మూడో కాంటూరా? 1999లో అభయారణ్యం అన్నప్పుడూ విన్నాం, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడూ విన్నాం. అభయారణ్యం ఐదో కాంటూరు దాకా ఉండాలనేవాళ్లూ, మూడుకు తగ్గించాలనేవాళ్లూ కొట్టుకునేది ఒక గీత గురించే: సముద్రమట్టానికి ఎన్ని అడుగుల ఎత్తు దాకా కొల్లేరో చెప్పే గీత. నా అభ్యంతరం అక్కడే. కొల్లేరంటే గీత కాదు, నీళ్లు వచ్చిపోయే నేల. దానికి సాక్ష్యం పురుగులు.

నమ్మకపోతే ఒడ్డున గడ్డిలో చిన్న గొయ్యి తీసి, అంచు నేలకు సమంగా ఉండేలా ఓ ప్లాస్టిక్ గ్లాసు పాతిపెట్టండి. మర్నాడు పొద్దున్నే చూడండి. కీటకాలను లెక్కపెట్టేవాళ్లు చేసేదీ ఇదే. మే నెలలో బీటలు వారిన నల్లమట్టి మీద చీమలు, పగుళ్లలో దాక్కునే పెంకుపురుగులు. తొలకరి పడగానే గేదెలు మేసిన చోట పేడపురుగులు దిగుతాయి, దీపాల చుట్టూ ఉసిళ్లు మూగుతాయి. వరద ఎక్కితే చీమలు గుడ్లు మోసుకుని మెరక చేరతాయి. నీళ్లు తీసి పచ్చిక లేచాక మిడతలు, వాటి కోసం పాలపిట్టలు. చోటు అదే, కాపురం ఉండేవాళ్లే మారిపోతుంటారు.

మనం మాత్రం ఏటా జనవరిలో నీటిపక్షుల్ని లెక్కపెట్టి, కొల్లేటి ఒడ్డున ఆటపాకలో గూడబాతుల (పెలికన్ల) ఫొటోలు చూసి సంతోషపడతాం. సంక్రాంతి నాటి వంటిల్లు చూసి ఆ ఇంట్లో రోజూ ఏం తింటారో చెప్పేసినట్టు!

వానాకాలంలో గుంపులుగా ఎగిరే పసుపు తూనీగ ఉంది కదా, అది గుడ్లు పెట్టేది ఎక్కువగా వాన గుంటల్లోనే. వాటిలో చేపలు ఉండవు, పిల్లల్ని తినేవాళ్లు తక్కువ. గుంట ఎండేలోపే రెక్కలొచ్చి ఎగిరిపోతాయి. అక్టోబరులో మాల్దీవుల్లో కనిపించే ఈ జాతి గుంపులు భారత్ వైపు నుంచే వస్తాయని, తూర్పు ఆఫ్రికా దాకా పోతాయని పరిశోధకుల అంచనా. అదే గుంటను తవ్వి, నిటారు గట్టు పోసి, ఏడాది పొడవునా నీళ్లు నిలిపి చేపలు వదిలితే? మ్యాపులో నీలం రంగు పెరుగుతుంది. తూనీగకు చోటు పోతుంది.

పురుగుల కోసం మనుషుల్ని వెళ్లగొడతారా అంటారు. అభయారణ్యం లోపల సొంత పట్టా భూములున్న జిరాయితీ రైతులకు న్యాయమైన పరిహారం దక్కాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ పెద్ద చెరువుల లీజులకు ఆ చిన్న రైతును అడ్డం పెట్టుకోవద్దు.

అసలు రోగం మన రికార్డుల్లో ఉంది. కాగితానికి నేల తెలుసు, నీరు తెలుసు. కొన్నాళ్లు అది, కొన్నాళ్లు ఇది అంటే రాసుకోవడానికి గడి లేదు. హైదరాబాద్ చెరువుల శిఖం భూములు, అంటే నీళ్లు నిండితే మునిగే చెరువు గర్భం, ప్లాట్లయింది ఇలాగే. ఎండాకాలం చూసినవాడికి అది ఖాళీ జాగా. తాత్కాలికంగా నీళ్లు నిలిచే నేల కూడా చిత్తడి నేలేనని 1971 నాటి రామ్‌సర్ ఒప్పందంలోనే ఉంది. 2002లో కొల్లేరు ఆ జాబితాలో చేరింది కూడా. మన రైతుకైతే ఒప్పందం చదవాల్సిన పని లేదు, కార్తె పేరుతోనే ఆరుద్ర పురుగును పిలిచాడు. (దానికి ఎనిమిది కాళ్లు కాబట్టి శాస్త్రం కీటకం అనదు, అది వేరే సంగతి.)

కొల్లేటిని మళ్లీ కొలుస్తామంటే కొలవండి. రోహిణిలో ఒకసారి, ఆరుద్రలో ఒకసారి, వరద తీశాక ఒకసారి వెళ్లండి. వెళ్లేటప్పుడు టేపుతో పాటు నాలుగు ప్లాస్టిక్ గ్లాసులు కూడా పట్టుకెళ్లండి.