బిల్లు కాని పెద్దమనిషికి

శ్రీయుత ఎక్స్‌ప్లనేషన్ ఆఫ్ బెనిఫిట్స్, ఉరఫ్ ఈఓబీ గారికి,

మీరు క్షేమమని తలుస్తాను. ఇక్కడ అమెరికాలో నేను డాక్టరు దగ్గరికి వెళితే, ఎవరు ఎంత కట్టాలో లెక్క చెబుతూ బీమా కంపెనీ పంపే కాగితం మీరు. నేనున్నది నాన్న పాలసీలో కాబట్టి మీరు చేరేది ఆయన ఇంటికే. నా క్షేమం విడిగా రాయనక్కర్లేదు, అది నాకంటే ముందు మీకే తెలుస్తుంది. మీ తర్వాత ఎడిసన్‌లో ఉన్న మా నాన్నకు, ఆయన చదివి వినిపించాక అమ్మకు, వాట్సాప్ పుణ్యాన తెనాలిలో అమ్మమ్మకు. ఆఖరున ఆస్టిన్‌లో ఉన్న నాకు ఫోన్ వస్తుంది, నా ఆరోగ్యం ఎలా ఉందో చెప్పడానికి.

మీ నుదుటి మీద పెద్దక్షరాలతో "ఇది బిల్లు కాదు" అని ఉంటుంది. బిల్లయినా బాగుండేది, డబ్బు కట్టేస్తే వదిలిపోయేది. మీరు వదిలే రకం కాదు. ఎవరు చూపించుకున్నారు, ఏ తేదీన, ఎవరి దగ్గర, దేనికి, వాళ్లు ఎంత అడిగారు, బీమా ఎంతకు ఒప్పుకుంది, మన చేతినుంచి ఎంత పడుతుంది, ఇన్ని గడులు నింపుకుని కవరెక్కుతారు. ఒక్కోసారి మర్యాదకు "ఆఫీస్ విజిట్" అని మాత్రమే రాస్తారు. పక్క గడిలో డాక్టరు పేరుంటుంది. మా నాన్న ఏళ్ల తరబడి సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు. పేరు గూగుల్‌లో కొట్టడం ఆయనకు ఒకరు నేర్పాలా?

పోయిన శీతాకాలం నేను కౌన్సెలింగ్‌కు వెళ్లాను. మాస్టర్స్ ఆఖరి సెమిస్టర్, చేతిలో ఉద్యోగం లేదు, రాత్రి నిద్ర లేదు. ఆ కౌన్సెలర్ తలుపేసి, ఇక్కడ మాట్లాడింది ఈ గది దాటదని మాటిచ్చింది. నిలబెట్టుకుంది కూడా. పేషెంట్ల సంగతులు గోప్యంగా ఉంచమనే 1996 నాటి హిపా చట్టం ఆవిడ నోటికి తాళం వేసింది. 18 నిండాక మామూలుగా నా అనుమతి లేకుండా కన్నతల్లి అడిగినా చెప్పకూడదు. కానీ అదే గదిలోంచి క్లెయిమ్ ఒకటి బయల్దేరింది. మీరు పాలసీ ఎవరి పేరు మీదుందో చూశారు, స్టాంపు ఖర్చు కూడా మీరే భరించి ఎడిసన్ చేరవేశారు.

"ఏం తక్కువ చేశామే నీకు?" అంది అమ్మ. అమ్మమ్మ తెనాలిలో ఆంజనేయస్వామికి ఆకుపూజ చేయించింది. నాన్న మాత్రం ఏమీ అనలేదు. చాలా రోజులు ఆగి, "ఆవిడ ఇన్-నెట్‌వర్కేనా?" అని అడిగారు, అంటే మన బీమా కంపెనీతో ఒప్పందం ఉన్నవాళ్ల జాబితాలో ఉందా అని. మా నాన్న ప్రేమ ఆ రూపంలోనే ఉంటుంది, దానికి మిమ్మల్ని తప్పుపట్టను.

నా వయసెంతో ఈ దేశం ఇంతవరకూ తేల్చలేదు. 18కి ఓటిచ్చి, సైన్యంలో చేరతావా అంటుంది. 21కి బీరిస్తుంది. మన పిల్లల్లో అమ్మానాన్నల ఉద్యోగ వీసాకు తోకగా వచ్చే హెచ్-4 వీసా మీద పెరిగినవాళ్లకు అదే 21 నిండితే, నువ్వు పెద్దదానివయ్యావు, వేరే వీసా చూసుకో, లేదంటే పెట్టె సర్దుకో అంటుంది. బీమాకు వచ్చేసరికి 26 దాకా చంటిపిల్లే. 2010లో వచ్చిన అఫర్డబుల్ కేర్ చట్టం చేసిన మేలు అది, కాదనను. పెళ్లయినా సరే, నాన్న ప్లాన్‌లో ఉండొచ్చు. అల్లుడికి మాత్రం చోటు లేదు. ఆ చట్టం రాసినవాళ్లు ఇంత దూరం ఆలోచించి, కవరు మీద అడ్రసు సంగతి మర్చిపోయారు.

దీనికీ ఒక దారి ఉందన్నారు. కబుర్లు నా అడ్రసుకే పంపమని బీమా కంపెనీని అడగొచ్చట. హిపా ప్రకారం డాక్టరు దగ్గర ఈ మాట అడిగితే ఎందుకని ప్రశ్నించకూడదు. బీమా కంపెనీ మాత్రం, ఈ సమాచారం బయటపడితే నీకు ప్రమాదమని నువ్వే చెప్పాలి అనొచ్చు. ప్రమాదమా? మా నాన్న చెయ్యెత్తే మనిషి కాదు. కాఫీ కలుపుకొచ్చి ఎదురుగా కూర్చుని, "ఏం లేదమ్మా, ఊరికే అడుగుతున్నా" అంటారు. దీన్ని ఏ గడిలో రాయను? అయినా ఫారం నింపి పంపాను. గోప్యత కోరుతూ మీ కుమార్తె చేసుకున్న దరఖాస్తు అందిందని రసీదు వచ్చింది. ఎడిసన్‌కే.

నా సంగతి కాఫీతో పోయింది. అందరి ఇళ్లలో కాఫీలే ఉండవు. ప్రెగ్నెన్సీ టెస్టు అన్న ఒక్క ముక్క చూసి చదువు మాన్పించి సంబంధాలు వెతికే ఇళ్లున్నాయి, అబ్బాయికి అబ్బాయంటే ఇష్టమని ఒక రక్తపరీక్ష పేరు బట్టి పసిగట్టి గెంటేసే ఇళ్లున్నాయి. అలాంటి పిల్లలు ఏం చేస్తున్నారో మీకు తెలుసా? ఇంట్లో నిక్షేపంలాంటి బీమా ఉన్నా కార్డు బయటికి తీయకుండా, ఫెడరల్ ప్రభుత్వం టైటిల్ టెన్ అనే కుటుంబ నియంత్రణ పథకం కింద డబ్బిచ్చే క్లినిక్‌లకు వెళ్లి వరసలో నిలబడుతున్నారు. కొందరు డబ్బంతా చేతినుంచి కట్టి, బీమాకు చెప్పొద్దని డాక్టరుకు రాసిస్తున్నారు. అదీ వాళ్ల హక్కే, కాకపోతే జేబులో డబ్బున్నవాళ్ల హక్కు. మిగిలినవాళ్లు అసలు వెళ్లడం మానేస్తున్నారు.

నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది మీ సున్నా. గర్భనిరోధకాలు, హెచ్ఐవీ పరీక్ష, డిప్రెషన్ ఉందేమో చూసే పరీక్ష, ఇలాంటివాటికి ఆ 2010 చట్టం కిందికొచ్చే ప్లాన్లలో చాలావాటికి పేషెంటు పైసా కట్టక్కర్లేదు. అయినా మీరు బయల్దేరతారు. వరసలన్నీ కూడి, తీసేసి, చివర "మీరు కట్టవలసినది: 0.00" అని తేలుస్తారు. కట్టాల్సింది ఏమీ లేదని చెప్పడానికి ఊరందరికీ నా మందు పేరు చెప్పాలా?

మీ పక్షాన చెప్పుకోదగ్గది లేకపోలేదు. ఒకే ల్యాబ్ టెస్టుకు రెండుసార్లు వసూలు చేయబోతే నాన్న మిమ్మల్ని చూసే పట్టుకున్నారు. డబ్బు కట్టేవాడికి లెక్క కావాలి, న్యాయమే. లెక్క ఆయనకు పంపండి, జబ్బు పేరు నాకు పంపండి. ఇదేమీ చంద్రమండలానికి వెళ్లే పని కాదు. మసాచుసెట్స్ 2018లో చట్టం చేసింది, కట్టాల్సింది లేనప్పుడు కాగితమే పంపొద్దని అడగొచ్చు. కాలిఫోర్నియాలో 2022 జూలై నుంచి సున్నితమైన చికిత్సల సంగతి పాలసీదారుకు కాకుండా పేషెంటుకే చెప్పాలి.

ఇది విని నేనూ సంబరపడ్డాను. తీరా చూస్తే నాన్న పనిచేసేది పెద్ద కంపెనీ, ప్లాన్ సొంత డబ్బుతో నడుపుతుంది. అలాంటి ప్లాన్లకు, కంపెనీలు ఉద్యోగులకిచ్చే సౌకర్యాల మీద ఫెడరల్ ప్రభుత్వం చేసిన 1974 నాటి ఎరీసా చట్టం గొడుగు పట్టింది, రాష్ట్రాల బీమా చట్టాలు వాటికి అంటవు. అంటే రేపు మా వాళ్లు కాలిఫోర్నియాకు కాపురం మార్చినా మీరు వెంటే వస్తారు.

ఇట్లు,
మీ డిపెండెంట్ నంబర్ 02

తా.క.: పోయిన వారం ఒక టెస్టుకు "కవర్ కాదు" అని రాశారు. అప్పీలు నాన్నే రాస్తున్నారు. ఇంతకీ అదేం టెస్టో కనుక్కోమని అమ్మ వెనకనుంచి చెబుతోంది.