రాయితీ బంకు దగ్గర ఇవ్వాలి

కాలిఫోర్నియాలో హైడ్రోజన్ కారు కొన్నవారికి ప్రభుత్వం రాయితీ ఇచ్చింది. తయారీదారులు 15,000 డాలర్ల దాకా ఇంధన కార్డు చేతిలో పెట్టారు. బంకులు 100 అయ్యేదాకా వాటి కోసం ఏటా 2 కోట్ల డాలర్ల వరకు కేటాయించేలా 2013లోనే చట్టం వచ్చింది. పదేళ్లు తిరిగేసరికి అక్కడ కిలో హైడ్రోజన్ 36 డాలర్లకు చేరింది. ఐదున్నర కిలోలు పట్టే ట్యాంకు నింపితే 200 డాలర్లు! 2024 ఫిబ్రవరిలో చమురు సంస్థ షెల్ అక్కడ కార్ల కోసం పెట్టిన ఏడు బంకులనూ మూసేసింది. కార్డులో డబ్బు అయిపోయిన యజమానికి మిగిలింది, నింపుకునే చోటు కరువైన బండి.

జపాన్‌దీ ఇదే దారి. 2020కల్లా 40,000 ఫ్యూయల్ సెల్ (హైడ్రోజన్ నుంచి కరెంటు తీసే పరికరం) కార్లని 2017లో లక్ష్యం పెట్టుకుని, గడువునాటికి అందులో ఐదో వంతు కూడా అందుకోలేదు. దక్షిణ కొరియాలో కారుకు 2.25 కోట్ల వోన్‌ల (కొరియా కరెన్సీ) కేంద్ర రాయితీకి తోడు స్థానిక ప్రభుత్వాలూ చేయి వేశాయి కాబట్టి బండ్లు ఎక్కువే అమ్ముడయ్యాయి. కానీ బండి అమ్ముడుపోయిన రోజుతో రాయితీ పని అయిపోతుంది. యజమాని కష్టాలు ఆ మర్నాటి నుంచి మొదలవుతాయి, అవీ బంకు దగ్గరే. ప్రభుత్వాలు డబ్బు పెట్టాల్సిందీ అక్కడే అని మా అభిప్రాయం.

హైడ్రోజన్ బంకు పెట్రోల్ బంకులాంటిది కాదు. కారు ట్యాంకులో గ్యాస్‌ను 700 బార్ల ఒత్తిడికి, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు 700 రెట్లకు, నింపాలి. అంత ఒత్తిడితో ఎక్కించేటప్పుడు ట్యాంకు లోపల వేడెక్కుతుంది, ఆ వేడి 85 డిగ్రీలు దాటకూడదు. అందుకే గ్యాస్‌ను ముందుగా మైనస్ 40 డిగ్రీల దాకా చల్లబరుస్తారు. వరసగా నాలుగైదు కార్లు వస్తే గాలిలోని తేమ నాజిల్ మీద గడ్డకట్టి, నాజిల్ కారు మూతికి అతుక్కుపోతుంది. మంచు కరిగేదాకా డ్రైవరు నిలబడాల్సిందే. వరసగా నింపడంతో బంకు నిల్వ సిలిండర్లలో ఒత్తిడీ తగ్గుతుంది, వెనకాల వచ్చినవాడికి సగం ట్యాంకే దక్కుతుంది. అన్నిటికన్నా ముందు మొరాయించేది గ్యాస్‌ను కుదించే యంత్రం, కంప్రెసర్. గిరాకీ తక్కువున్న బంకులో అది మాటిమాటికీ ఆగి మొదలవుతూ సీళ్లు, డయాఫ్రమ్‌లు అరగదీసుకుంటుంది. ఉన్న ఒక్క కంప్రెసర్ ఆగితే బంకు మూతే.

స్వచ్ఛత మరో చిక్కు. బండికి పోసే హైడ్రోజన్ 99.97 శాతం శుద్ధంగా ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ పది లక్షల్లో 0.2 వంతు, గంధకం 0.004 వంతు మించితే ఫ్యూయల్ సెల్‌లోని ప్లాటినం పొర దెబ్బతింటుంది. గంధకం చేసే నష్టం మళ్లీ పూర్తిగా పూడదు. మలిన గ్యాస్‌కు బాధ్యులెవరో తేలాలంటే గ్యాస్ నమూనాలు తీసి దాచే ఏర్పాటు బంకు ఒప్పందంలోనే ఉండాలి.

అసలు లెక్క కూడా చూడాలి. కారు కిలో హైడ్రోజన్‌తో 100 కిలోమీటర్ల దాకా పోతుంది. నీటిని విడగొట్టి ఆ కిలో తీయడానికి 50 నుంచి 55 యూనిట్ల కరెంటు కావాలి, కుదించి చల్లబరచడానికి మరికొన్ని యూనిట్లు. అదే కరెంటు బ్యాటరీ కారుకు ఎక్కిస్తే దాదాపు మూడింతల దూరం నడుస్తుంది. సొంత కార్ల కోసం ఊరూరా హైడ్రోజన్ బంకులు కట్టడాన్ని మేము సమర్థించలేకపోతున్నది ఇందుకే. దూరం పోయే బరువు లారీలు, ఛార్జింగ్‌కు ఆగే తీరిక లేని బస్సులు వేరు. అక్కడా గుడ్డిగా పోకూడదు. ఫ్రాన్స్‌లోని మోంపెలియే నగరం బస్సుకు కిలోమీటరు ఖర్చు హైడ్రోజన్‌తో 95 యూరో సెంట్లు, కరెంటుతో 15 సెంట్లని తేల్చుకుని 2022లో 51 బస్సుల ఆర్డరు రద్దు చేసింది.

కాబట్టి మొదటి అడుగు బస్సు డిపోలో పడాలి. 20 బస్సులు రోజుకు 250 కిలోమీటర్ల చొప్పున తిరిగితే, 100 కిలోమీటర్లకు 9 కిలోల లెక్కన రోజుకు 450 కిలోలు కావాలి. 200 బార్ల స్టీలు సిలిండర్ల లారీ తెచ్చేది సుమారు 300 కిలోలు, అదీ పూర్తిగా ఖాళీ కాదు. అంటే రోజూ రెండు లారీలు రావాలి. డిపోలోనే తయారు చేసుకుంటే రోజుకు పాతిక వేల యూనిట్లు, అంటే రాత్రింబవళ్లు ఒక మెగావాట్‌కు పైగా కరెంటు, దానితో పాటు సుమారు 4,500 లీటర్ల శుద్ధజలం. బస్సులకు 350 బార్లు చాలు కాబట్టి మైనస్ 40 చల్లదనం బెడద ఉండదు. గిరాకీ ముందే తెలుసు, బండ్లు రాత్రికి ఇంటికొస్తాయి, కంప్రెసర్ నిలకడగా నడుస్తుంది.

దీనితో పోలిస్తే ఐరోపా సమాఖ్య నియమం తలకిందులుగా ఉంది. 2030 చివరికల్లా ప్రధాన రహదారుల మీద ప్రతి 200 కిలోమీటర్లకు, రోజుకు టన్ను సామర్థ్యంతో ఒక బంకు ఉండాలంటోంది. ఒక్కో లారీ 30 కిలోలు నింపుకున్నా, అలాంటి బంకుకు రోజూ 30కి పైగా లారీలు రావాలి. అవి లేకుండా బంకు తెరిస్తే తుప్పు పడుతుంది. చైనా 2020లో కొనుగోలు రాయితీని వదిలి, నగరాల సమూహాలకు ఫలితాన్ని బట్టి నిధులిచ్చే పద్ధతికి మారింది. బండి సగటున 30,000 కిలోమీటర్లు దాటాలి, కిలో ధర 35 యువాన్లు మించకూడదు అని షరతు పెట్టింది. తిరిగిన దూరానికి డబ్బివ్వడం అనే ఆ ఒక్క మెలిక అరువు తెచ్చుకోదగింది.

బంకుల టెండరులోనూ అదే కనిపించాలి. బండిలోకి ఎక్కిన ప్రతి కిలోకూ చెల్లింపు, బంకు మూతపడ్డ ప్రతి గంటకూ కోత. రెండు కంప్రెసర్లు తప్పనిసరి, సీళ్లు, వాల్వులు అక్కడే నిల్వ. హైడ్రోజన్ పుట్టుకకూ హద్దు గీయాలి. సహజవాయువు నుంచి తీస్తే కిలోకు 9, 10 కిలోల కార్బన్ డయాక్సైడ్ పోతుంది, అంటే కారు కిలోమీటరుకు దాదాపు 100 గ్రాములు. చిన్న పెట్రోల్ హైబ్రిడ్ కూడా ఇంతే వదులుతుంది. బొగ్గు కరెంటుతో నీటిని విడగొడితే ఇంకా అధ్వానం.

భద్రత విషయంలో ఆదా కూడదు. 2019 జూన్‌లో నార్వేలో ఓస్లో దగ్గరి బంకు పేలింది, అధిక పీడన ట్యాంకు మూతకు బోల్టులు సరిగా బిగించకపోవడం వల్ల. అంతకు నెల ముందు కొరియాలోని గాంగ్‌నంగ్‌లో ట్యాంకులోకి ఆక్సిజన్ చేరి పేలి ఇద్దరు చనిపోయారు. హైడ్రోజన్‌కు వాసన లేదు, పగటి వెలుగులో దాని మంట కంటికి ఆనదు. బిగింపు కొలిచే పరికరం పట్టుకుని ప్రతి జాయింటూ చూసే తనిఖీదారులు, బంకు తెరవకముందే తయారై ఉండాలి.

ఇంకొకటి సాధారణంగా ఎవరూ పట్టించుకోనిది. కార్బన్ ఫైబర్ ట్యాంకులకు కాలపరిమితి ఉంటుంది, చాలావాటికి 15 ఏళ్లు. ఆ తేదీ బండి మీద రాసి ఉంటుంది, తేదీ దాటితే నింపకూడదు. బండి రెండో చేతికి, మూడో చేతికి మారాక ట్యాంకు ఖర్చు ఎవరిదో, గడువు తీరిన ట్యాంకును ఎవరు వెనక్కి తీసుకోవాలో రిజిస్ట్రేషన్ నిబంధనల్లో ఇప్పుడే రాయాలి.