సింపుల్ ప్రెజెంట్, సింపుల్ పాస్ట్ గార్లకు ఒక బహిరంగ లేఖ

అయ్యా, ఇంగ్లిష్ గ్రామర్‌లో టెన్సులైన అన్నదమ్ములిద్దరికీ నమస్కారాలు.

మీ పేర్ల ముందు "సింపుల్" అని తగిలించిన మహానుభావుడెవరో గానీ, ఆయన శనివారం సాయంత్రం లారీ లోడింగ్ అయ్యాక, చేతులకు గ్రీజు కూడా పూర్తిగా వదలని మనుషుల మధ్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మిమ్మల్ని నేర్చుకుని ఉండడని మాత్రం రాసిస్తాను. మాది జీడిమెట్లలో పంపుల విడిభాగాలు చేసే చిన్న కంపెనీ, నేను అకౌంట్స్ చూస్తాను. ఎక్స్‌పోర్ట్ ఆర్డర్లు మొదలయ్యేసరికి మా ఓనర్‌గారికి స్టాఫ్ అంతా బిజినెస్ ఇంగ్లిష్ మాట్లాడాలనే కోరిక పుట్టింది. అమీర్‌పేట నుంచి ఒక ట్రైనర్ సార్ దిగారు, ఆయన సంచిలోంచి మీరిద్దరూ దిగారు. బోర్డు మీద వీ1 (క్రియ అసలు రూపం), వీ2 (దాని భూతకాల రూపం) అని రాసి "వెరీ సింపుల్" అన్నారాయన.

ముందు మీ షీట్‌లో ఉండే ఆ మిస్టర్ బ్రౌన్ సంగతి తేల్చాలి. "మిస్టర్ బ్రౌన్ వర్క్స్ ఇన్ యాన్ ఆఫీస్. హి స్టార్ట్స్ ఎట్ నైన్. హి డ్రింక్స్ కాఫీ. హి ఆన్సర్స్ ఈమెయిల్స్. హి లైక్స్ హిజ్ జాబ్." ఎందుకు నచ్చదండీ, చేసేది కాఫీ తాగడమే అయినప్పుడు! షీట్ తిప్పితే వెనక నిన్నటి కథ: నిన్న కూడా తొమ్మిదికే మొదలెట్టాడట, నిన్న కూడా కాఫీయేనట. జీఎస్‌టీ రిటర్న్ లేదు, కరెంటు పోలేదు, లేత్ మెషిన్ ఆగలేదు, ఫోన్ చేసి తిట్టిన కస్టమర్ ఒక్కడూ లేడు. అన్నిటికన్నా కింది వాక్యం చూసి నాకు కడుపు మండింది. "ద కస్టమర్ పెయిడ్ ద ఇన్వాయిస్ లాస్ట్ వీక్." అడక్కుండానే! వసూళ్ల కోసం తిరిగి చెప్పులు అరిగిన మనిషి చేత ఈ వాక్యం పైకి చదివించడం ఏం న్యాయం?

పెద్దవారు ప్రెజెంట్‌గారితో మొదలుపెడతాను. అయ్యా, మీ పేరు ప్రెజెంట్. ఇప్పుడు, ఈ క్షణంలో జరుగుతున్న పని గురించి మిమ్మల్ని అడిగితే మాత్రం "అది నా డిపార్ట్‌మెంట్ కాదు, కంటిన్యువస్‌ని అడగండి" అంటారు. ఆదివారం మధ్యాహ్నం పప్పుచారు తిని నిద్రపోతున్న మనిషి గురించి కూడా "హి వర్క్స్ ఇన్ స్టోర్స్" అనే చెప్పాలట. పోనీ అలవాట్లకే పరిమితమా అంటే అదీ కాదు, "ద ట్రైన్ లీవ్స్ టుమారో" అని రేపటి రైలు కూడా మీరే ఎక్కుతారు. పేరులో సింపులూ నిజం కాదు, ప్రెజెంటూ నిజం కాదు. ఇదే పని మా ఊళ్లో ఎవరైనా చేస్తే ఆధార్‌లో పేరు మార్పించుకోమంటారు.

మీవల్ల మా క్వాలిటీ చూసే అన్నకు జరిగింది చెప్తాను. నైరోబీ బయ్యర్ వీడియో కాల్‌లో ఉన్నాడు. "డూ యూ టెస్ట్ ఎవ్రీ పీస్?" అని అడిగాడు. మావాడు ఛాతీ విరుచుకుని "యెస్ సార్, డైలీ వి విల్ టెస్ట్ ఎవ్రీ పీస్" అన్నాడు. అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం, తర్వాత చాలా మర్యాదగా, "గుడ్. వెన్ విల్ యూ స్టార్ట్?" ఏళ్ల తరబడి ప్రతి కేసింగ్‌కీ హైడ్రో టెస్ట్ చేసి రిజిస్టర్‌లో సంతకం పెడుతున్న మనిషికి ఆ మాట ఎలా తగులుతుందో మీకేం తెలుసు. ఆ తర్వాత పాత లాట్లన్నిటి సర్టిఫికెట్లూ స్కాన్ చేసి పంపిందాకా బయ్యర్‌కి నమ్మకం కుదరలేదు.

తప్పు మా క్వాలిటీ అన్నది కాదు, తేడా చెప్పనివాళ్లది. తెలుగులో "రోజూ టెస్ట్ చేస్తాను" అన్నా "రేపు టెస్ట్ చేస్తాను" అన్నా క్రియ ఒకటే, ముందున్న "రోజూ", "రేపు" చూసి మనవాళ్లు అర్థం చేసుకుంటారు. అలవాటుకీ హామీకీ మనకు ఒకే తాళం. ఆ తాళం పట్టుకుని ఇంగ్లిష్ ఇంటికి వెళ్తే అక్కడ రెండు తలుపులున్నాయి. బోర్డు మీద ఈ ఒక్క ముక్క రాస్తే రెండు నిమిషాల్లో అయిపోయే పాఠానికి, మీ శిష్యులు "సబ్జెక్ట్ ప్లస్ వీ1 ప్లస్ ఆబ్జెక్ట్" అని మా చేత ఎక్కాలు వల్లె వేయిస్తారు.

ఇక ఆ ఎస్ గొడవ. "హి గో", "షి కమ్" అన్నామని ట్రైనర్ సార్ తల పట్టుకుంటారు. వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తుంది, వస్తాం, వస్తారు, వస్తాయి అని ఒక్క రావడానికే ఇన్ని తోకలు బడికి వెళ్లకముందే నేర్చుకున్న జాతి మాది, ఒక్క ఎస్ మొయ్యలేమా? మోస్తాం గానీ, అన్ని తోకలూ పీకేసి ఒక్కటి మాత్రం ఎందుకు ఉంచారో అర్థం కాక దాన్నీ వదిలేస్తాం. ఐ, యూ, వి, దే అందరికీ మినహాయింపు ఇచ్చి, ఎదురుగా లేని ఆ ఒక్క మనిషికి మాత్రం ఎస్ పన్ను వేశారు. ఇదేం పాలసీ అని అడిగే దిక్కు లేదు.

చిన్నవారు పాస్ట్‌గారూ, మీ దగ్గరికే వస్తున్నా. మీరు వెంటబెట్టుకుని తిరిగే ఆ డిడ్ అనే పీఏతోనే అసలు పేచీ. "ఐ వెంట్" సరే. "డిడ్ యూ వెంట్" తప్పట, "డిడ్ నాట్ వెంట్" ఇంకా పెద్ద తప్పట. పాస్ట్‌ని డిడ్ ఒక్కడే మోస్తాడు కాబట్టి వెనకున్న క్రియ బట్టలు విప్పేసి వీ1గా నిలబడాలి. మావాళ్లు "డిడ్ యూ వెంట్" ఎందుకంటారో తెలుసా? తెలుగులో ప్రశ్న వేసినా "వెళ్లావా" అనే అంటాం, భూతకాలం అక్కడే ఉంటుంది, చివర దీర్ఘం తీస్తామంతే. కానీ కాదు అని చెప్పాల్సి వస్తే చూడండి: నేను రాలేదు, నువ్వు రాలేదు, వాడు రాలేదు, వాళ్లు రాలేదు. తోకలన్నీ మాయం, "రా" ఒంటరిగా మిగిలింది, జరిగిపోయిందన్న సంగతంతా "లేదు" మోస్తోంది. ఇది అచ్చంగా మీ "డిడ్ నాట్ కమ్" కాదా? మా ఇంట్లోనే ఉన్న ఏర్పాటుని, విదేశీ సరుకని చెప్పి, ఫీజు కట్టించుకుని అమ్ముతున్నారు.

అసలు మీ డూ, డిడ్ అంత పురాతనమైన పెద్దమనుషులేం కాదు. 1611లో అచ్చయిన ఇంగ్లిష్ బైబిల్ తీసి మత్తయి సువార్త 26వ అధ్యాయం చూడండి. పేతురు ఆ మనిషి నాకు తెలీదని ఒకసారి "ఐ డూ నాట్ నో ద మ్యాన్" అంటాడు, రెండు వచనాలు దాటగానే "ఐ నో నాట్ ద మ్యాన్" అంటాడు. నాలుగొందల ఏళ్ల కింద మీకే ఇంకా ఖాయం కాలేదన్నమాట, రెండూ చెల్లాయి. మా డిస్పాచ్ అమ్మాయి "ఐ నో నాట్ సార్" అంటే మాత్రం క్లాసంతా నవ్వాలి!

ఇర్రెగ్యులర్ వెర్బులు ఎక్కువ మాట్లాడను, బీపీ పెరుగుతుంది. ఇంగ్లిష్‌లో అందరికన్నా ఎక్కువ వాడే పది క్రియలూ ఇర్రెగ్యులరే. వ్యాపారంలో కావలసినవి కూడా ఇర్రెగ్యులరే: బై, సెల్, సెండ్, పే, స్పెండ్, మీట్, లూజ్. ఎప్పుడో గానీ నోటికి రాని మాటలకు బుద్ధిగా చివర ఇడి (-ed) తగిలించారు. "వెంట్" అయితే "గో" కన్నబిడ్డే కాదు, "వెండ్" అనే పాత క్రియ దగ్గర్నుంచి ఎత్తుకొచ్చి పెంచుకున్నారు. ఆ ఇడి అయినా ఒకే రకంగా పలుకుతుందా అంటే కాల్డ్‌లో డ, ప్యాక్‌ట్‌లో ట, వాంటెడ్‌లో ఎడ్. మా ప్యాకింగ్ సెక్షన్ మొత్తం "ప్యాకెడ్" అంటుంది. డబ్బాలు ఇప్పటిదాకా ఒక్కటీ ఊడలేదు.

ఇవన్నీ పైపైవి. పాస్ట్‌గారూ, ఆఫీసులో మిమ్మల్ని అందరూ తప్పించుకు తిరుగుతారని మీకు తెలుసా? గ్రామర్ రాక కాదు, మీరంటే భయం. పొద్దున మీటింగ్‌లో ఓనర్‌గారు "డిడ్ యూ సెండ్ ద కొటేషన్?" అంటారు. మీ లెక్కలో దీనికి రెండే జవాబులు, ఐ సెంట్, లేదా ఐ డిడ్ నాట్ సెండ్. ఈ రెండూ చెప్పినవాణ్ని నేనింతవరకు చూడలేదు. "ఐ యామ్ సెండింగ్ సార్." "ఆల్మోస్ట్ డన్ సార్." "ఇట్ ఈజ్ ఇన్ ప్రాసెస్ సార్." బాగా చదువుకున్నవాడైతే "ఐ హావ్ ఆల్రెడీ ఇనిషియేటెడ్" అంటాడు, అంటే కంప్యూటర్ ఆన్ చేశాడని. "యెస్టర్‌డే ఐ హావ్ సెంట్" అనేవాళ్లు కూడా ఉన్నారు, ఆ హావ్ పెడితే మెయిల్‌కి బరువు పెరుగుతుందని వాళ్ల నమ్మకం. మీరేమో ఎవరు, ఏం, ఎప్పుడు అని మొహం మీదే అడుగుతారు, తారీకు కూడా కావాలంటారు. అలాంటివాడితో స్నేహం ఎవడు చేస్తాడండీ?

మా తెలుగు ఈ విషయంలో కరుణామయి. జరగని పనికి కూడా మాకు పాస్ట్ టెన్స్ దొరుకుతుంది. "అయిపోయిందనుకోండి సార్." అంతే, ఓనర్‌గారికి పని అయిపోయినట్టు, మాకు ఇంకా సాయంత్రం దాకా టైమున్నట్టు, ఇద్దరికీ మనశ్శాంతి. బాలానగర్ సిగ్నల్ దగ్గర కూడా లేనివాడు ఫోన్‌లో "వచ్చేశా అన్నా, గేటు ముందే ఉన్నా" అంటాడు, భూతకాలంలోనే. ఈ సౌకర్యం మీలో లేదు. "ఐ రీచ్డ్" అంటే గేటు దగ్గర మనిషి నిజంగా కనబడాలి, లేకపోతే అబద్ధం. నైరోబీ బయ్యర్‌కి "కన్సిడర్ ఇట్ ఫినిష్డ్ సార్" అని మావాడు రాస్తే, ఆయన సరుకు ఓడెక్కిందని చూపే బిల్ ఆఫ్ లేడింగ్ కాపీ పంపమన్నాడు.

అయితే తప్పించుకునేది కింది వాళ్లమే అనుకోకండి. ఒక శనివారం ఖాళీలు పూరించే ఎక్సర్‌సైజ్ ఇచ్చారు: "లాస్ట్ ఇయర్ ద కంపెనీ డ్యాష్ శాలరీస్", పక్కన బ్రాకెట్‌లో ఇంక్రీజ్. అందరం "ఇంక్రీజ్డ్" అని రాశాం. డిస్పాచ్ అమ్మాయి ఒక్కతే, పెన్ను మూత తీసి, కాసేపు ఆలోచించి, నిదానంగా "డిడ్ నాట్ ఇంక్రీజ్" అని రాసింది. ట్రైనర్ సార్ ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టారు. ఆమె లేచి "సార్, గ్రామర్ తప్పా, మ్యాటర్ తప్పా?" అంది. సార్ ఓనర్‌గారి వైపు చూశారు, ఓనర్‌గారు ఫోన్ వైపు చూశారు. కొంచెం ఆగి "ఐ విల్ సీ" అన్నారు ఓనర్‌గారు. ఆయన ఎప్పుడూ ఫ్యూచర్‌లోనే ఉంటారు.

కాబట్టి నా కోరికలు కొన్నే. ఆ మిస్టర్ బ్రౌన్‌ని మే నెలలో మా షెడ్డుకి ట్రాన్స్‌ఫర్ చేయండి, హి లైక్స్ హిజ్ జాబ్ అని అప్పుడు చెప్పమనండి. షీట్‌లో మాకు పనికొచ్చే వాక్యాలు పెట్టండి. "ద లారీ డిడ్ నాట్ కమ్." "వి వెయిటెడ్ అంటిల్ ఎయిట్." "యూ ఆర్డర్డ్ ఫోర్ హండ్రెడ్, వి సెంట్ ఫోర్ హండ్రెడ్." "ఐ టోల్డ్ యూ ఆన్ మండే." అన్నిటికన్నా ముందు "యూ డిడ్ నాట్ పే" అనేదాన్ని కస్టమర్ నొచ్చుకోకుండా, డబ్బులు మాత్రం వచ్చేలా ఏ గొంతుతో అనాలో నేర్పండి. వీటికోసమైతే ఆదివారం కూడా క్లాసుకి వస్తాను. వస్తాను అంటే ఇక్కడ హామీ, అలవాటు కాదు, గమనించగలరు.

ఇట్లు,
అకౌంట్స్ సెక్షన్ నుంచి మీ వీ1

తా.క.: ఈ లేఖ అందాక "ఐ రీడ్ యువర్ లెటర్" అని మాత్రం జవాబు రాయకండి. రోజూ చదువుతున్నారో, నిన్న చదివి పక్కన పడేశారో మీ స్పెల్లింగ్‌లో తెలిసి చావదు. రీడో, రెడ్డో ఫోన్ చేసి చెప్పండి.